ప్లాస్టర్ గట్టిపడేంతసేపు

మా అత్త చివరిసారిగా చేసిన మామూలు పని మామయ్యను కోప్పడడం. పెళ్ళయిన నాటి నుంచీ రోజూ చేస్తున్న పనే కాబట్టి అదే ఆఖరుదని ఎవరికీ తోచలేదు. కోపం ప్లాస్టర్ డబ్బా మూత గురించి. మూత పెట్టకపోతే పొడి చెమ్మ పీల్చుకుంటుందని, చెమ్మ పీల్చిన ప్లాస్టర్ ఓ పట్టాన గట్టిపడదని, ఈ ఇంట్లో తన పని ఆలస్యం కావడానికి కారణం ఒకే ఒక్క మనిషని ఆవిడ ఆరోపణ. తాను పెట్టానని మామయ్య వాదన. పెడితే మూత ఎక్కడుందని అత్త అడిగింది. అది మామయ్య చేతిలో ఉంది.

ఆ తరవాత అత్త రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి, పొడి చల్లి, గరిటెతో కలిపి, ఎవరిదో కింది దవడ అచ్చులో పోసింది. దాన్ని బల్ల మీద ఓ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుంది. అలా తల వంచుకుందంటే ప్రార్థనలో ఉన్నట్టు. ప్లాస్టర్ గట్టిపడేదాకా ఇల్లు తగలబడుతున్నా పలకరించకూడదు. మామయ్య డబ్బాకు మూత బిగించి, పిల్లిలా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాడు. పది నిమిషాలకు వచ్చి ముట్టుకుంటే దవడ బిగిసి వెచ్చగా ఉంది. అత్త లేవలేదు. ఇవాళ చెప్పుకోవలసింది కాస్త ఎక్కువుందేమో అనుకుని ఆవిడ కప్పు కూడా తనే తాగేశాడు. దవడ చల్లారింది. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"అమ్మలూ, మీ అత్త ఇంకా లేవట్లేదే. ప్రార్థనలో ఉన్న మనిషిని తట్టి లేపొచ్చా?"

అత్త మా నాన్నకు అక్క. నాన్నకు ఏడాదికోసారి బదిలీ అవుతుండేది కాబట్టి చదువు పాడవకుండా నన్ను అత్త దగ్గర ఉంచారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరూ, నేనూ, ఓ యాభై దవడలూ. అత్త పని కట్టుడుపళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టరు రోగి నోట్లో అచ్చు తీసి పంపుతాడు. అత్త అందులో ప్లాస్టర్ పోసి దవడ నమూనా చేసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టి, చివరికి గులాబిరంగు చిగురుతో నున్నగా మెరిసే పలువరస డబ్బాలో పెట్టి పంపుతుంది. పెట్టుకున్నవాళ్ళు డాక్టరుకు దండం పెట్టి వెళ్ళిపోతారు. ఆ పళ్ళు ఎవరు చేశారో వాళ్ళకు తెలియదు. వీధిలో వాళ్ళ నవ్వు చూసి అత్త మాత్రం గుర్తుపట్టేది. "అదుగో, ఆ మూడో పన్ను నాతో వారం రోజులు పోట్లాడింది" అనేది.

ముందు గదే ఆవిడ పనిగది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి దవడలు, కొన్ని మూసుకుని, కొన్ని ఆవలిస్తూ. నా స్నేహితురాళ్ళు ఒకసారి వచ్చినవాళ్ళు రెండోసారి వచ్చేవారు కాదు. మామయ్య మాత్రం ఇంటినిండా ఇన్ని నోళ్ళున్నా తన మాట వినేది ఒక్కటీ లేదని బాధపడేవాడు.

మామయ్యది లిఫ్టుల తనిఖీ ఉద్యోగం. ఊళ్ళో ఉన్న లిఫ్టులన్నిటికీ ఏడాదికోసారి వెళ్ళి, తాళ్ళు, బ్రేకులు, తలుపులు చూసి, బాగుందని కాగితం మీద సంతకం పెట్టి, మెట్ల మీదుగా దిగి వచ్చేవాడు. ఆయన సంతకం అద్దంలో బిగించి ఉన్న లిఫ్టులో జనం నిశ్చింతగా ఎక్కేవారు. ఆయన ఎక్కేవాడు కాదు. తనకు లోపల ఏముందో తెలుసని కారణం చెప్పేవాడు. లిఫ్టులే కాదు, ఆయనకు గోరంత కనిపిస్తే కొండంత అయ్యేది. నేను బడి నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే, గుమ్మంలో నా ఎత్తు, వేసుకున్న బట్టల రంగు కాగితం మీద రాసిపెట్టుకుని నిలబడి ఉండేవాడు, పోలీసులు అడిగితే తడుముకోకూడదని.

అత్త ఆయనకు సరిగ్గా ఎదురు. ఆకాశం విరిగి మీద పడుతోందని మామయ్య పరుగెత్తుకొస్తే, ఎంతలో పడుతుందని అడిగేది. నిమ్మకు నీరెత్తినట్టు ఉండడమంటే ఏమిటో నేను పుస్తకంలో చదవకముందే ఇంట్లో చూశాను.

ఆ నిబ్బరానికి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. ఏదైనా కష్టం వచ్చిందని తెలియగానే, చేతిలో అచ్చు ఉన్నా లేకపోయినా, రబ్బరు గిన్నె తీసి ప్లాస్టర్ కలిపేది. పొయ్యడానికి ఏమీ లేకపోతే అద్దం ముక్క మీద రొట్టెలా పోసేది. దానికి మామయ్య కష్టాల ప్లాస్టర్ అని పేరు పెట్టాడు. అది గట్టిపడేదాకా ఆవిడ తల వంచుకుని దేవుడితో మాట్లాడుకునేది. పెదవులు కదిలేవి, మాటలు వినపడేవి కావు. లేచాక ఏం చెయ్యాలో చెప్పేది, చేసేది. నేను లెక్కల పరీక్ష పోయి ఏడుస్తూ వచ్చిన రోజున నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూడవే, ఇది వేడెక్కాలి, చల్లారాలి. ఈలోపు వేలు పెట్టావనుకో, నీ వేలిముద్ర మిగులుతుంది, పని పాడవుతుంది. ఇది మనం వేలు పెట్టకూడని టైము. ఉన్నది ఉన్నట్టు ఆయనకి చెప్పేసి కూర్చో. ఎంత, పది నిమిషాలు."

నిజానికి ఆ రోజు పది నిమిషాలకు మించే పట్టింది. అత్త వంటింటి వైపు చూసి, ఎవరో మూత పెట్టలేదని గట్టిగా అంది. వంటింట్లోంచి, పెట్టానని జవాబు వచ్చింది. కష్టాల ప్లాస్టర్ ఎప్పుడూ ఆలస్యంగానే గట్టిపడేది. ఎప్పుడూ మామయ్యే మూత పెట్టని దోషి అయ్యేవాడు. ఇంట్లో ఎవరికైనా కష్టం వచ్చినప్పుడల్లా ఆయన కంగారులో ఏ పనీ సరిగ్గా చెయ్యడు కాబట్టి, ఆ తీర్పులో మాకెవరికీ అన్యాయం కనిపించలేదు.

నేను కాలేజీలో ఉండగా ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటూ మామయ్య కెవ్వుమన్నాడు. ఎడమ చెవి కింద గోళీకాయంత గడ్డ. డాక్టరు సూదితో కాస్త తీసి పరీక్షకు పంపి, తొమ్మిది రోజుల్లో రిపోర్టు వస్తుందన్నాడు. చెడ్డదా అని మామయ్య అడిగితే, చెడ్డదీ కావచ్చు, మంచిదీ కావచ్చు, ముందే చెప్పలేనన్నాడు. డాక్టరు చెప్పిన రెండింటిలో మామయ్యకు ఒక్కటే వినపడింది.

ఆ తొమ్మిది రోజులూ ఆయన ఇల్లు పీకి పందిరి వేశాడు. సెలవు పెట్టి, తాను లేకపోతే ఇల్లు ఎలా నడపాలో రాయడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ లిఫ్టు తనిఖీ ఫారాల మీదే రాశాడు. నీళ్ళ మోటారు: స్థితి సంతృప్తికరం, శబ్దం వస్తే కంగారు పడకుండా ఆపివేయవలెను. వెనక తలుపు గడియ: అరిగినది, తక్షణం మార్చవలెను. భార్య: అన్న చోట చాలాసేపు ఆలోచించి ఖాళీగా వదిలేశాడు. ఆ కాగితం నేను దాచాను.

అంతకంటే ఘోరం కొలత. పళ్ళ వెడల్పు చూసుకోవడానికి అత్త దగ్గర ఒక సన్నటి ఇనుప కొలపరికరం ఉండేది. మామయ్య దాన్ని రోజుకు నాలుగుసార్లు ఎత్తుకుపోయి, అద్దం ముందు నిలబడి గడ్డను కొలిచి, గోడ మీద రాసేవాడు. పొద్దున పదకొండున్నర మిల్లీమీటర్లున్నది మధ్యాహ్నానికి పన్నెండయిందని ఒకరోజు భోజనం మానేశాడు. పరికరం తిరగేసి పట్టుకున్నాడని అత్త చూపించాక పెరుగన్నం తిన్నాడు.

అత్త మాత్రం ఎప్పటిలాగే ఉంది. పొద్దున్నే లేచేది, బల్ల దగ్గర కూర్చునేది, కష్టాల ప్లాస్టర్ కలిపేది. ఆ వారంలో ఎన్ని రొట్టెలు పోసిందో లెక్కలేదు. పెరట్లో గుట్టగా పడ్డాయి. నాకు ఒకరకంగా కోపం కూడా వచ్చింది. మొగుడి ప్రాణం మీదికి వచ్చినా ఈవిడకు చీమ కుట్టినట్టయినా లేదేమిటని. విశ్వాసం ఉన్నవాళ్ళకు గుండె ఇంకో రకం లోహంతో పోతపోస్తారేమో అనుకున్నాను.

ఆ వారమే రెండు విరిగిన పలువరసలు బాగుచెయ్యడానికి వచ్చాయి. రెండూ పై దవడవే. ఒకటి మా పాస్టరు గారిది, స్నానాల గదిలో జారిపడి చీలింది. రెండోది కూరగాయల మార్కెట్లో వేలం పాడే పెద్దమనిషిది. ఆయన కంచు కంఠానికి పళ్ళు తట్టుకోలేక విరిగాయని అత్త అనేది. ఎవరి నమూనా అడుగున వాళ్ళ గుర్తు పెన్సిలుతో వెయ్యడం అత్త అలవాటు. పాస్టరు గారికి శిలువ, వేలంపాటాయనకు సుత్తి. బుధవారం అతికించి పంపేసింది.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రసంగానికి లేచారు. సముద్రం మీద తుఫాను, పడవలో శిష్యులు, వెనకవైపు తలగడ మీద నిద్రపోతున్న ప్రభువు, ఇదీ ఆ రోజు వాక్యం. మామూలుగా ఆయన గొంతు ముందు రెండు వరుసలు దాటదు. ఆ రోజు సముద్రం అన్న మాట దగ్గరే సన్నటి ఈల వచ్చింది. శిష్యులు అన్నప్పుడు ఇంకోటి. తుఫాను ముదిరేకొద్దీ ఈలలు ముదిరాయి. గాలి హోరు కళ్ళకు కట్టినట్టుందని వెనక వరుసలో ఒకావిడ కొంగు తల మీదికి లాక్కుంది. మామయ్య నా చెవిలో, ఇన్నేళ్ళలో ఇంత జీవమున్న వాక్యం వినలేదన్నాడు.

అత్త మాత్రం పాస్టరు గారి నోటివైపే చూస్తోంది. ఎత్తుగా, వెడల్పుగా, అరవడానికి తయారుచేసిన పళ్ళు. నోట్లో నాలుక లేని మనిషని ఆయనకు పేరు. ఆ ఆదివారం నోట్లో పళ్ళు కూడా ఆయనవి కావు.

ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా ఆగి అత్త ముందుకు వెళ్ళింది. నేనూ మామయ్యా వెనకాలే ఉన్నాం.

"అయ్యగారూ, ఒక్కసారి నోరు తెరవండి."

పాస్టరు గారు తెరిచారు. చూసి, మూసుకోమంది. బుధవారం నుంచీ ఇలాగే ఉంటే చెప్పలేదేమని అడిగింది. ఆయన సిగ్గుపడ్డారు.

"దేవుడు నాకు ఓర్పు నేర్పిస్తున్నాడనుకున్నానమ్మా."

"ఓర్పు ఆయన నేర్పిస్తాడు గానీ అయ్యగారూ, పళ్ళు నేనే మార్చానండి."

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో వేలంపాటాయన భార్య కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే అత్త రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తన మొగుడి నోరు మంచిది కావాలని పదకొండేళ్ళుగా ప్రార్థన చేస్తోందట. బుధవారం నుంచి ఆయన కేకలు మానేశాడట. తిట్లు లేవట. అన్నం పెడితే కళ్ళు దించుకుని తిని, ఊఁ అంటాడట. ఆయన మారుమనస్సు పొందాడని వచ్చే ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెబుతుందట.

నోరు పెద్దగా తెరిస్తే పళ్ళు ఊడి పడతాయని ఆయన భయపడుతున్నాడని, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలన్నా నోరు తెరవాలి కాబట్టి ఊరుకున్నాడని అత్త మెల్లగా వివరించింది. వేలంపాటాయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత, అత్తకు మాత్రమే వినపడాలని అడిగింది గానీ మాకూ వినపడింది.

"పోనీ వదినా, ఇంకో నెల ఉంచలేవా?"

సాయంత్రానికి ఎవరి పళ్ళు వాళ్ళకు చేరాయి. నాలుగు వీధుల అవతల నుంచి ఆయన గొంతు మాకు వినిపించింది.

అసలు తప్పు ఎక్కడ జరిగిందన్నది మిగిలింది. మామయ్య తనంతట తానే ఒప్పుకున్నాడు. కొలపరికరం కోసం అరలో వెతుకుతూ నమూనాలు అటూ ఇటూ పెట్టి ఉంటానన్నాడు. అత్త కాదంది. గుర్తులు వేసింది తనే, సుత్తి వెయ్యాల్సిన చోట శిలువ వేసింది తనే అంది. నేనూ మామయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నేళ్ళలో ఆవిడ చేతికి తప్పు రావడం మేం ఎరగం. జబ్బు మనిషిని కాపాడడానికి నేరం తన మీద వేసుకుంటోందని నాకు అర్థమయింది. అలా అర్థమయిందని అనుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నమే భోజనాల దగ్గర మామయ్య పడవ సంగతి ఎత్తాడు. తుఫానులో పడవ వెనక తలగడ వేసుకుని పడుకోవడం భద్రతా నియమాలకు విరుద్ధమని, ఆ పడవలో ఎంతమంది ఎక్కవచ్చో ఎక్కడా రాయలేదని అన్నాడు. అత్త వడ్డిస్తూ విన్నది.

"పడవలో భయపడ్డవాళ్ళు జాలర్లండీ. నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు. నిద్రపోయినాయన వడ్రంగి."

"నేననేదీ అదే. లోపల ఏముందో తెలిసినవాడే భయపడతాడు."

"పడితే పడండి, ఎవరొద్దన్నారు? వాళ్ళూ పడ్డారు. కానీ వెళ్ళి ఆయన్ని లేపారు. పడవని కొలుచుకుంటూ కూర్చోలేదు."

అని, ఆయన చొక్కా జేబులోంచి కొలపరికరం లాగి, పప్పుగిన్నె పక్కన పెట్టింది.

తొమ్మిదో రోజు ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. రిపోర్టు చెప్పే గది ఆరో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు పక్కన అద్దంలో మామయ్య సంతకం మెరుస్తోంది. మీరు సంతకం పెట్టిన లిఫ్టే కదండీ అంది అత్త. అందుకే ఎక్కనన్నాడు మామయ్య. మెట్లెక్కాం. ప్రతి అంతస్తు దగ్గరా ఆయన ఆగి, ఇదే తన ఆఖరి ఎక్కడమేమో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

అత్త చేతిలో బరువైన సంచి ఉంది. అందులో రబ్బరు గిన్నె, గరిటె, చిన్న డబ్బాలో ప్లాస్టర్, నీళ్ళ సీసా, తడిగుడ్డలో చుట్టిన, ఎవరో ముసలాయన పై దవడ అచ్చు. పొద్దున మేం బయల్దేరుతుంటే పళ్ళ డాక్టరు పంపాడు. అచ్చు తీశాక వెంటనే పొయ్యకపోతే ఎండి ముడుచుకుపోతుందని, అది ముడుచుకుపోతే పాపం ఆ ముసలాయన మళ్ళీ నోరు తెరుచుకుని కూర్చోవాలని, అందుకని తెచ్చానని చెప్పింది. టోకెన్ తీసుకుని బెంచీ మీద కూర్చోగానే ఒళ్ళో పాత దినపత్రిక పరుచుకుని గిన్నె తీసింది. నీళ్ళు పోసి, పొడి వేసి, కలపడం మొదలుపెట్టింది.

టోకెన్లిచ్చే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఇక్కడ వంట చెయ్యకూడదండీ అంది.

"వంట కాదమ్మా, పై దవడ."

ఆ అమ్మాయికి ఏ నిబంధన వర్తిస్తుందో తోచక వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. అత్త అచ్చు నింపి, బెంచీ మీద తనకూ మామయ్యకూ మధ్య పెట్టి, తల వంచుకుంది. పెదవులు కదలడం మొదలయింది. ఎదురు బెంచీలో కవర్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు నలుగురైదుగురు. ఎవరి భయం వాళ్ళది. అయినా అందరూ ఆ దవడ వైపే చూడసాగారు.

ఇరవై నిమిషాలయింది. మామయ్య నంబరు పిలిచారు. ఆయన లేచాడు. అత్త తల ఎత్తకుండానే ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"ఆగండి. ఇంకా వేడెక్కలేదు."

"డాక్టరు పిలుస్తున్నాడే."

"తరవాతి వాళ్ళని పంపమనండి."

తరవాతి వాళ్ళు వెళ్ళారు. ఆ తరవాతి వాళ్ళూ వెళ్ళారు. అత్త మధ్యమధ్యలో మునివేళ్ళ వెనక వైపుతో దవడను తాకి, మళ్ళీ తల వంచుకుంటోంది. ఎదురు బెంచీలో ఒక పెద్దాయన ఉండబట్టలేక లేచి వచ్చి తానూ ముట్టుకుని, ఇంకా చల్లగానే ఉందని అందరికీ చెప్పాడు. మామయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. ఇది పది నిమిషాల్లో బిగియాలి కదా అన్నాడు.

"బిగియాలి. మూత పెట్టే మనుషులుండే ఇంట్లో అయితే."

"పెట్టాను."

"పెట్టలేదు."

"రాత్రి పడుకునే ముందు నా ఈ చేతులతో పెట్టాను. చచ్చేముందు అబద్ధం చెబుతానా?"

"చచ్చేముందు ఏమో గానీ, బతికున్నప్పుడు బోలెడుసార్లు చెప్పారు."

మామయ్యకు కోపం వచ్చింది. డబ్బా ఎక్కడుందో, మూత ఏ చేత్తో తిప్పాడో, ఎన్ని చుట్లు తిప్పాడో చెప్పాడు. ఎదురు బెంచీని సాక్ష్యానికి పిలిచాడు. బెంచీలో ఇద్దరు ఆడవాళ్ళు అత్త పక్షం, పెద్దాయన మామయ్య పక్షం. మూతల విషయంలో మగవాళ్ళందరూ ఒకటేనని ఒకావిడ అంది. ఆ తొమ్మిది రోజుల్లో మొదటిసారి మామయ్య చెయ్యి చెవి కిందికి వెళ్ళకుండా అరగంట గడిచింది.

అప్పుడు అత్త దవడను తాకి, తల ఎత్తింది. "వేడెక్కింది. పదండి" అంది. ఆవిడ మొహం ఎప్పటిలాగే ఉంది.

అది కొవ్వుగడ్డ. డాక్టరు నవ్వుతూ, ఇష్టమైతే తీయించుకోండి, లేకపోతే ఉంచుకోండి అన్నాడు. మామయ్య కాసేపు నమ్మలేదు. నమ్మాక, ఇన్ని రోజులు కొలిచింది కొవ్వునా అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. దిగేటప్పుడు లిఫ్టు ముందు ఆగాడు. అద్దంలో తన సంతకం చదివాడు. ఎక్కాడు. కిందికి చేరేదాకా కళ్ళు మూసుకుని, రెండు చేతులతో అత్త ప్లాస్టర్ దవడను పట్టుకుని నిలబడ్డాడు. అది ఇంకా వెచ్చగా ఉందని తరవాత నాతో అన్నాడు.

ఇది జరిగిన ఎనిమిదేళ్ళకు నాకు నెలలు నిండకుండా కొడుకు పుట్టాడు. వాణ్ణి గాజుపెట్టెలో పెట్టారు. ఊపిరి తీసుకోవడం తెలియని ఊపిరితిత్తులన్నారు. అత్త కబురు అందుకుని బయల్దేరింది గానీ వచ్చేసరికి సాయంత్రమవుతుంది. ఈలోపు నేను ఆ గది బయట కూర్చుని, ఆవిడ చెప్పినట్టే చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు దేవుడికి చెప్పుకున్నాను. గడియారం చూసి పది నిమిషాలు కూర్చున్నాను. లేచేసరికి భయం ఎక్కడ పెట్టిన చోట అక్కడే ఉంది. ఇంకాస్త పెద్దదయింది కూడా. అది అత్తకు వచ్చే విద్య, నాకు రాదు అని తేల్చేసుకుని, లేచి గోడలు పట్టుకుని తిరిగాను. పిల్లవాడు బతికాడు, ఇప్పుడు నా చెప్పులు వాడికి సరిపోతాయి. నేను మాత్రం ఆ తరవాత అలా ఎప్పుడూ కూర్చోలేదు. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. ఆవిడకు పది నిమిషాల్లో అయ్యే పని నాకు కాలేదని చెప్పడానికి సిగ్గేసింది.

అత్త పోయిన రెండో వారంలో మామయ్యా నేనూ పనిబల్ల సర్దాం. కింది సొరుగులో, కళ్ళజోడు పెట్టె వెనక, కాగితంలో మడిచిన పెద్ద పొట్లం దొరికింది. అందులో తెల్లటి పొడి. ప్లాస్టర్ కాదు, గరగరలాడుతోంది. మామయ్య కూలబడ్డాడు. ఆవిడకేదో పెద్ద జబ్బు ఉందని, మనకు చెప్పకుండా మందు తింటోందని, తాను గడ్డ గడ్డ అని గోల చేస్తూ ఆవిడ సంగతే పట్టించుకోలేదని ఏడ్చాడు. నాలిక మీద వేసుకుని చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పొట్లం తీసుకుని, అత్త ముప్ఫై ఏళ్ళుగా సామాన్లు కొనే కొట్టుకు వెళ్ళాం.

కొట్టు పెద్దాయన పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వెలిగారం అన్నాడు. మందు కాదా అన్నాడు మామయ్య.

"తింటే చస్తారండీ. ఇది ప్లాస్టర్లో కలపడానికి. కలిపితే ఆలస్యంగా గట్టిపడుతుంది. ఈ పనిలో అందరూ తొందరగా బిగిసేది కావాలంటారు. ఆలస్యం కావాలని అడిగి కొనుక్కున్నది ఆవిడొక్కరే. ఎందుకమ్మా అంటే, నా పని నిదానం నాయనా అనేవారు."

మామయ్య ముందుకు వంగాడు. తరవాత చాలా జాగ్రత్తగా, కోర్టులో అడిగినట్టు అడిగాడు.

"డబ్బాకి మూత పెట్టకపోతే ప్లాస్టర్ ఆలస్యమవుతుందా?"

"చెమ్మ తగిలితే ముందర త్వరగానే బిగుస్తుందండీ. మరీ ముదిరితే ఇక పనికే రాదు."

మామయ్య అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ కేసులో నిర్దోషి అని తేలిన మనిషి మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. గెలిచానని చెప్పుకోవడానికి ఆయనకు మనిషి లేదు.

"ఆవిడ పోయిన రోజు పది నిమిషాలకే బిగిసింది" అన్నాడు. "నేనే ముట్టుకుని చూశాను."

ఆ రోజు కలిపి ఉండరన్నాడు పెద్దాయన.

ఎంత కలుపుతారని నేను అడిగాను. ఒక్క చిటికెడు చాలన్నాడు, అరగంట ఆపుతుంది, అంతకు మించి ఎవరూ వెయ్యరన్నాడు. పొట్లం మళ్ళీ మడవబోతుంటే పొడి అడుగున చేతికి ఏదో తగిలింది. బయటికి తీశాను. కూర వడ్డించే చెంచా.